మామయ్య గారి మూడు వందల ఎనభై నాలుగు బండలు

మా మామయ్య గారు పోయారన్న కబురు నాకు స్కూల్లో తెలిసింది. పంజాగుట్టలో నేను పనిచేసే స్కూల్లో, ఆ గంటకి ఏడో తరగతి పిల్లలకి చుట్టుకొలతలు చెబుతున్నాను. అటెండర్ తలుపు దగ్గరికి వచ్చి, "మేడం, మీ ఇంటి సార్ ఫోన్ చేసిండు, మీరు లేపుతలేరంట" అన్నాడు. వారం రోజులుగా మామయ్య గారు ఆస్పత్రిలోనే ఉన్నారు. నలభై ఏళ్లు రాళ్లు కోసిన దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుపోయిందని డాక్టర్లు ముందే చెప్పారు. అయినా కబురు కబురే. బోర్డు మీద సగం గీసిన దీర్ఘచతురస్రాన్ని అలాగే వదిలేసి బయటికి వచ్చేశాను. ఆటోలో కూర్చున్నాక ఏడుపు కంటే ముందు ఒక పిచ్చి ఆలోచన వచ్చింది. ఆ దీర్ఘచతురస్రం మూలలు వంకరగా ఉన్నాయి, ఆయన చూసి ఉంటే నవ్వేవారు.

ఆయన టైల్స్ మేస్త్రీ. మీలో ఎవరైనా అమీర్‌పేటలోనో పంజాగుట్టలోనో నాలుగు షాపులు తిరిగి ఉంటే, ఆయన పని మీద కాలు పెట్టే ఉంటారు. మీకు తెలిసి ఉండదు. నేల గురించి ఎవరికి తెలుస్తుంది, కాలు జారితే తప్ప! షాబాదు బండలతో పని మొదలుపెట్టి, మొజాయిక్ చేసి, చివరికి టైల్స్‌కి వచ్చారు. నోట మాత్రం చివరిదాకా బండే. మెరిసే ఇటాలియన్ పాలరాయి అయినా సరే ఆయనకి అది "గా బండ".

చదివింది మూడో తరగతి. నేను ఎమ్మెస్సీ మ్యాథ్స్. మాది కోస్తా, ఆయనది ఇక్కడే. పెళ్లయిన కొత్తలో నేను "మామయ్య గారూ" అని పిలిస్తే, "గారు గీరు ఎందుకు బిడ్డా, మామా అంటే సరిపోలే?" అనేవారు. నాకు నోరు తిరగలేదు. చివరిదాకా నేను గారు వదల్లేదు, ఆయన నన్ను టీచరమ్మా అనడం మానలేదు. అందులో కాస్త వేళాకోళం ఉండేది, బోలెడంత గర్వం ఉండేది. పని చేసిన ప్రతి ఇంట్లోనూ ఎవరూ అడగకుండానే "మా కోడలు లెక్కల టీచరమ్మ" అని చెప్పుకునేవారట. ఇవాళ నేను ఆయన గురించి చెప్పుకుంటున్నాను. అప్పు తీర్చడం అనుకోకండి, నాకూ అంతే గర్వం.

మా పాప నాలుగో తరగతిలో ఉన్నప్పుడు లెక్కల పరీక్ష ఉన్న రోజు పొద్దున్నే వాంతి చేసుకునేది. పేరెంట్స్ మీటింగ్‌లో ఒకావిడ నవ్వుతూనే, "లెక్కల టీచర్ కూతురికి లెక్కలు రావా ఏంటి!" అంది. ఆ మాట నాకు ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. ఇంటికి వచ్చి ఆ కోపమంతా పిల్ల మీద చూపించాను. రోజూ సాయంత్రం కూర్చోబెట్టి "ఏడు ఎనిమిదులు? చెప్పు. ఒకటి, రెండు, మూడు" అని వేళ్లు మడిచేదాన్ని. మూడు లెక్కపెట్టేసరికి జవాబు రాకపోతే నా మొహం మారిపోయేది. అది నా మొహాన్నే చూస్తూ కూర్చునేది, పుస్తకాన్ని కాదు. కొన్నాళ్లకి అసలు నోరు తెరవడం మానేసింది. తప్పు చెబితే తిట్లు, చెప్పకపోతే ఒట్టి చూపు. ఏది నయమో దానికి లెక్క వచ్చేసింది.

మామయ్య గారు మెట్ల మీద కూర్చుని పనిముట్లు కడుక్కుంటూ ఇదంతా చూసేవారు. ఒక శనివారం మాత్రం చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడ్డారు.

"టీచరమ్మా, ఆదివారాలు జర పోరిని నాకియ్యి."

"ఏం చెబుతారు మామయ్య గారూ?"

"నాకేమొస్తది చెప్పనీకె? ఊకె తిప్పుకొస్త."

మొదటి ఆదివారం ఏం జరిగిందో పాపే నాకు తర్వాత చెప్పింది. మా గల్లీ చివర కరెంటు స్తంభం ఉంది. గుమ్మం ముందు నిలబెట్టి, "గా స్తంభం దాకా ఎన్ని అడుగులు చిట్టీ?" అని అడిగారట. ఇది అలవాటుగా నోరు మూసుకుంది. ఆయన వేళ్లు మడవలేదు. నోట్లోంచి బీడీ కూడా తీయలేదు. "తప్పు చెప్పు, ఫికర్ లేదు. కంటితోటి చెప్పేది తప్పే అయితది. ఎంత తప్పో చూసుకునుడే మజా" అన్నారు.

తప్పు చెప్పమన్న మనిషిని అది అప్పుడే చూసింది. వంద అంది. ఇద్దరూ నడిచారు. పాప అడుగులతో అరవై రెండు. "ముప్పై ఎనిమిది ఎక్కువ చెప్పిన" అని తనే అంది, ఎవరూ అడక్కుండా. అక్కడి నుంచి తర్వాతి స్తంభానికి డెబ్బై అంది. అరవై ఆరు వచ్చింది. నాలుగే! గల్లీలో అరిచిందట. ఆయన దాని తల మీద చెయ్యి పెట్టి ఒకే మాట అన్నారు. "చూసినవా, నీ తప్పు చిన్నగయ్యింది."

అప్పటికి పన్నెండేళ్లుగా పిల్లల తప్పుల కింద ఎర్ర గీతలు గీస్తూ వచ్చాను. తప్పు చిన్నదైందని ఎవరికీ చెప్పలేదు.

ఆ తర్వాత ఆదివారాలకి గల్లీ పిల్లలంతా తోడయ్యారు. ముందు కంటితో చెప్పాలి, తర్వాతే టేపు. దగ్గరగా చెప్పినవాళ్లకి బహుమతి ఒక స్పేసర్. టైల్స్ మధ్య సందు సమానంగా ఉండేందుకు నాలుగు మూలలు కలిసే చోట పెట్టే చిన్న ప్లాస్టిక్ ముక్క అది, చూడటానికి అచ్చం కూడిక గుర్తులా ఉంటుంది. పిల్లలు వాటిని దారానికి గుచ్చి మెడలో వేసుకుని తిరిగేవారు. "అయిదు బండలు ఒక వరుస, గసోంటియి నాలుగు వరుసలు. నడుమ ఎన్ని స్పేసర్లు కావాలె?" అని అడిగితే అందరూ ఇరవై అని అరిచారు. పేర్చి చూస్తే పన్నెండే. ఎందుకో ఆయన చెప్పలేదు. పాప మూడు రోజులు అగ్గిపెట్టెలు పేర్చి పేర్చి, "అటు ఒకటి తక్కువ, ఇటు ఒకటి తక్కువ, గుణించాలి" అని అన్నం తింటూ ప్రకటించింది. నా చేతిలో గరిటె ఆగిపోయింది. మామయ్య గారు మాత్రం పప్పులో నిమ్మకాయ పిండుకుంటున్నారు.

పంజాగుట్టలో ఒక పెద్ద బట్టల షాపు ఉంది, దాని మొదటి అంతస్తు నేల ఆయన జట్టు వేసిందే. నెలకోసారి పాపని అక్కడికి తీసుకెళ్లేవారు. ఒకసారి నేనూ వెళ్లాను. అందరూ గాజు అద్దాల్లో చీరలు చూస్తుంటే వీళ్లిద్దరూ తలలు వంచుకుని నేల చూస్తూ నడుస్తున్నారు. సెక్యూరిటీ అతను వచ్చి, "ఏంది పెద్దమనిషీ, ఏమన్న పోయిందా?" అన్నాడు.

"పోలే, ఉన్నదా లేదా అని చూస్తున్న" అని మామయ్య గారు పాపకేసి కన్నుగీటారు.

వాళ్లు వెతుకుతున్నది ఒక టైలు. ఆ నేలంతా నాలుగు టైల్స్ కలిస్తే ఒక పువ్వు వచ్చే డిజైను. వందల పువ్వుల్లో ఒక పువ్వుకి ఒక రెక్క తిరగబడి ఉంది. పాప ఎస్కలేటర్ నుంచి తొమ్మిదో వరుస, గోడ నుంచి పద్నాలుగోది అని లెక్కపెట్టుకుని వెళ్లి కాలితో చూపించింది. "గిది నేను ఏసిందే" అన్నారు ఆయన నాతో, ఏ మాత్రం సిగ్గుపడకుండా. "ఆ దినం జరమొచ్చింది. ఓనర్‌కు ఇప్పటిదాంక తెల్వదు. నాకు తెలుసు, గీ పోరికి తెలుసు. ఇప్పుడు నీకు సుత తెలిసింది." తన తప్పుని తనే చూపించి, దాన్ని పట్టుకోవడం మనవరాలికి నేర్పిన మనిషిని ఇంకెక్కడా చూడలేదు నేను.

ఇక నా తప్పు సంగతి.

మా వంటగది నేల పగిలిపోయింది. ఎక్కడో మిగిలిపోయిన సరుకు, రెండడుగుల టైల్స్, విడిగా అమ్ముతున్నారని తెలిసి మామయ్య గారు బయలుదేరారు. గుమ్మంలో నిలబడి గదిని ఒకసారి చూసి, "ఇరవై కావాలె" అన్నారు. పాప ముందు నా విద్య చూపించుకునే అవకాశం దొరికింది నాకు. టేపు పట్టాను. తొమ్మిది అడుగుల నాలుగు అంగుళాల పొడవు, ఏడు అడుగుల మూడు అంగుళాల వెడల్పు. వైశాల్యం కట్టి, ఒక టైలు వైశాల్యంతో భాగించి, "పదిహేడు చాలు మామయ్య గారూ. జాగ్రత్తకి ఇంకొకటి, పద్దెనిమిది" అన్నాను. కాగితం కూడా చూపించాను.

ఆయన కాగితం వంక చూశారు, నా వంక చూశారు. "చదువుకున్నదానివి. నువ్వు చెప్పినట్టే తెస్త" అన్నారు.

మర్నాడు మధ్యాహ్నానికి పద్దెనిమిదీ అయిపోయాయి. సిలిండర్ పెట్టే మూల రెండు టైల్స్ చోటు ఖాళీగా నోరు తెరుచుకుని ఉంది. షాపుకి ఫోన్ చేస్తే ఆ సరుకు అయిపోయిందన్నారు. నేను మళ్లీ కాగితం తీశాను. లెక్క తప్పలేదు. నేల మాత్రం నిండలేదు. పైగా పాప చూస్తోంది.

"అమ్మ లెక్క సుత తప్పైతదా తాతా?" అంది. ఆ గొంతులో వెక్కిరింత లేదు. ఆశ ఉంది. నా కూతురు నా తప్పు కోసం అంతగా ఎదురుచూస్తోందని ఆ క్షణంలో తెలిసింది. సిగ్గేసింది, చెప్పడానికేముంది.

మామయ్య గారు నన్ను అలా వదిలేయలేదు. "మీ అమ్మ లెక్క మంచిగనే ఉన్నది. బండ కోస్తే మిగిలిన ముక్క యాడికి పోవాలె, గదొక్కటే రాయలే. జర ముక్కలు చూడు" అన్నారు.

గోడ పక్క చివరి వరుసలకి టైల్స్ కోసి వేయాల్సి వచ్చింది. ఒక్కోదాంట్లో పెద్ద ముక్క వాడి, సన్నటి పట్టీ పక్కన పడేశారు. నేను ఆ పట్టీలు లెక్కలోకి వస్తాయనుకున్నాను. ఆయన కళ్లు అవి చెత్తలోకి పోతాయని ముందే చూశాయి. అందుకే నాకు పదిహేడు, ఆయనకి ఇరవై.

పాప టేపు తీసుకుని ఆ పట్టీల దగ్గర గొంతుక్కూర్చుంది. కొన్ని ఎనిమిది అంగుళాల వెడల్పు, కొన్ని తొమ్మిది. అన్నీ రెండడుగుల పొడవే. కాసేపు గొణుక్కుంది. ఉన్నట్టుండి లేచి, "తాతా! ఎనిమిది, ఎనిమిది, ఎనిమిది. ఇరవై నాలుగు. రెండు అడుగులు! మూడు పెడితే ఒక బండ!" అంది. ఎనిమిదో ఎక్కం. నేను వేళ్లు మడిచి మడిచి రాబట్టలేనిది, నేల మీద నుంచి లేచి వచ్చింది.

"మరి రెండో బండకు?" అన్నారు ఆయన.

"తొమ్మిది, తొమ్మిది, పద్దెనిమిది... ఇంకా ఆరు కావాలి. ఒక తొమ్మిదిలో మూడు కోసేయ్!"

సందుకి చోటు కోసం అంచులు కాస్త అరగదీసి, అది చెప్పినట్టే వేశారు. మూల నిండింది. ఆ రెండు చోట్లా మూడేసి పట్టీలతో ఇప్పటికీ చారలు కనిపిస్తాయి. ఇంటికి వచ్చినవాళ్లు డిజైనా అని అడుగుతారు. అవునంటాను. మొత్తం వైశాల్యం పద్దెనిమిది టైల్స్‌లో సరిపోయింది చూశారా, నా లెక్క కూడా నిజమైంది, కాకపోతే అతుకులతో. ఆ రోజు నుంచి పాప నా ముందు తప్పు చెప్పడానికి భయపడలేదు. నేనూ వేళ్లు మడవడం మానేశాను. నా తరగతిలో ఇప్పుడు ఏ లెక్కయినా ముందు అంచనాతోనే మొదలవుతుంది. తప్పు ఎంతుందో పిల్లలే చెబుతారు. పరీక్ష రోజు మా పాప కడుపునిండా ఇడ్లీ తిని వెళుతుంది. ఇప్పుడది ఆరో తరగతి.

కిందటి ఏడు ఆయన పని మానేశారు. ఆయాసం. గల్లీ చివరిదాకా నడవలేకపోయారు. ఆదివారాలు పోయాయని పాప మూతి ముడుచుకుని కూర్చుంటే, మంచం మీద నుంచే పిలిచారు.

"చిట్టీ, నీకొక్కదానికే చెప్తున్న. మనింట్ల బండలన్నీ నేనే ఏసిన. అండ్ల ఒక్కటి డొల్లగున్నది. దొరకబట్టు చూస్త."

టైలు కింద సిమెంటు మసాలా సరిగ్గా నిండకపోతే లోపల ఖాళీ ఉండిపోతుంది. పైకి తెలియదు. వేలి మెటికతో తడితే తెలుస్తుంది. నిండుగా ఉన్నది బరువుగా పలుకుతుంది, డొల్లది కుండలా మోగుతుంది. ఆయన ఎప్పుడూ అనేవారు, "ఏసినంత మాత్రాన అయిపోదు, తట్టి చూడాలె." పాప ఇదే మాట లెక్కల పుస్తకం మీద కూడా వాడుతుంది. జవాబు వచ్చాక వెనక్కి చేసి చూసుకోవడాన్ని దాని భాషలో తట్టడం అంటారు.

అది గళ్ల నోటుబుక్కులో ఇంటి పటం వేసింది. ముందు గది పన్నెండు పద్నాలుగులు, నూట అరవై ఎనిమిది. లోపలి గది పద్నాలుగు పద్నాలుగులు, నూట తొంభై ఆరు. వంటగది ఇరవై, చారల జంటతో కలిపి. మొత్తం మూడు వందల ఎనభై నాలుగు. రోజుకి పన్నెండు తడితే ముప్పై రెండు రోజులు. స్కూలు నుంచి వచ్చి, నేల మీద బోర్లా పడుకుని, చెవి ఆనించి, టక్ టక్. తట్టినదానికల్లా పటంలో ఒక టిక్కు. మామయ్య గారు మంచం మీద నుంచే, "ఎన్నైనయి? ఎన్ని మిగిలినయి? ఎన్ని దినాలు?" అని అడిగేవారు. దగ్గు ఆగినప్పుడల్లా అడిగేవారు. బీరువా కింద ఉన్నవాటి కోసం వాళ్ల నాన్న చేత బీరువా జరిపించింది కూడా.

చివరికి పద్దెనిమిది మిగిలాయి. అవి ఆయన మంచం కింద. అక్కడ పనిముట్ల రేకు పెట్టె ఉంది, ఎప్పుడూ కదపని బరువు.

"మూడు వందల అరవై ఆరు చూసిన తాతా, ఒక్కటి లేదు. అంటే నీ మంచం కిందనే ఉంది!"

"ఉంటదేమో. నేను లేచినంక చూడు. తొందరేమున్నది?"

ఆయన లేవలేదు. అక్కడి నుంచే ఆస్పత్రికి వెళ్లారు.

దినకర్మ రోజు గల్లీ పిల్లలంతా వచ్చారు. ఒకడు మెడలో స్పేసర్ల దండ తీసి ఫొటోకి వేశాడు, మిగతావాళ్లు వాణ్ని చూసి వాళ్లవీ వేశారు. మా ఆయన అప్పటిదాకా ఏడవలేదు, అప్పుడు ఏడ్చాడు. మామయ్య గారితో పనిచేసిన మేస్త్రీలు నేల మీద బంతి కూర్చుని భోంచేస్తూ, అలవాటు చొప్పున అరచేత్తో టైల్స్ తడిమి చూసుకున్నారు. మీ అందరికీ చెప్పాలనిపించింది నాకు. మా మామయ్య గారికి ఏ బిరుదూ రాలేదు. ఎమ్మెస్సీ చదివిన కోడలికి, నాలుగో తరగతి మనవరాలికి ఒకే నేల మీద లెక్కలు నేర్పారు. ఇద్దరమూ నేర్చుకున్నాం.

అందరూ వెళ్లిపోయాక మంచం బయటికి తీశారు. రేకు పెట్టెని మా ఆయన ఈడ్చుకెళ్లి గోడ వారగా పెట్టాడు. ఏళ్ల తరబడి వెలుగు పడని ఆ పద్దెనిమిది టైల్స్ మిగతా నేలకంటే కొత్తగా ఉన్నాయి. పాప నోటుబుక్కు, పెన్సిలు తెచ్చుకుంది. కొత్త బట్టలు అని నేను అనబోయి ఊరుకున్నాను. బోర్లా పడుకుంది. మొదటి వరుస ఆరు. రెండో వరుస ఆరు. మూడో వరుసకి వచ్చేసరికి మెల్లగా తట్టడం మొదలుపెట్టింది. ఒక్కో టైలు మీద రెండేసి సార్లు. ఆఖరిదాని మీద చాలాసేపు చెవి ఆనించి ఉంది.

లేచి కూర్చుంది. చెంప మీద దుమ్ము.

"అమ్మా, ఒక్కటి కూడా డొల్ల లేదు. మొత్తం ఇంట్లనే లేదు." పెన్సిలు కింద పెట్టింది. "తాత నాకు అబద్ధం చెప్పిండు."

పటం నా ముందు పెట్టింది. మూడు వందల ఎనభై నాలుగు గళ్లు, మూడు వందల ఎనభై నాలుగు టిక్కులు.